దిగని పైకప్పు

కిందటి వారం మిమ్మల్ని మా అన్న షెడ్డు గుమ్మంలో నిలబెట్టి వెళ్లిపోయాను. ఏడు నెలల పని ఆఖరి మెట్టుకి వచ్చింది. మా అన్న డ్వేన్ తను విప్పి మళ్లీ కట్టిన పాత క్యాంపర్ పైకప్పుని మొట్టమొదటిసారి కిందికి దించుతున్నాడు. మా వదిన ఆర్లీన్ చక్రాల కుర్చీలోంచి చూస్తోంది. నేను, గ్లెండాని, ఈ ఇద్దరి మధ్యా రెండేళ్లుగా వంటమనిషిని, నర్సుని, తగవులు తీర్చే పెద్దమనిషిని, చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాను. హ్యాండిల్ తిప్పుతుంటే కప్పు నాలుగంగుళాలు దిగింది. లోపల టక్కుమంది. ఇంక దిగలేదు.

కథ మధ్యలో అందుకున్నవాళ్ల కోసం ఒక్క ముక్క. ఇది పికప్ ట్రక్కు వీపు మీద కూర్చునే చిన్న గది. ఎక్కడైనా ఆగాక కప్పు పైకి లేపితే చుట్టూ గుడ్డ గోడలు సాగుతాయి, లోపల మనిషి నిలబడొచ్చు. బయల్దేరేముందు కప్పు దించి తీరాలి. దించకుండా కొండదారి ఎక్కితే గాలికి ఆ గుడ్డ పేలికలవుతుంది. అంతదాకా ఎందుకు, కప్పు ఎత్తి ఉంటే ఇది షెడ్డు ద్వారంలోంచే బయటికి రాదు. ఫిబ్రవరి నుంచీ డ్వేన్ కప్పు ఎత్తే ఉంచి లోపల పని చేశాడు. వంగి పని చెయ్యడానికి అతని నడుం ఒప్పుకోదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఈ క్యాంపర్ వెళ్లాల్సింది పన్నెండో మైలు పచ్చికకి. సామన్ నది దాటి అడవిదారిన పైకి పోతే వస్తుంది. ముప్పై ఒక్క శరత్తులు ఈ మొగుడూపెళ్లాలు ఎల్క్ అనే పెద్ద దుప్పుల వేటకని అక్కడ గుడారం వేశారు. ఆర్లీన్ తుపాకీ పట్టేది కాదు. కాఫీ కాచుకుని, దుప్పటి కప్పుకుని, పొద్దున్నే ఎల్క్‌లు కూస్తుంటే వినేది. రెండేళ్ల కిందట ఆమెకి కండరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు వచ్చింది. కాళ్లు పోయాయి, చేతులు పోయాయి, ఇప్పుడు ఊపిరి పోతోంది. అక్టోబరులో మంచు పడితే ఆ దారి మూసేస్తారు. ఇది సెప్టెంబరు మూడో వారం, శనివారం మధ్యాహ్నం. సోమవారం పొద్దున ఐడహో ఫాల్స్ ఆస్పత్రిలో ఆమె గొంతుకి రంధ్రం చేసి గొట్టం పెట్టాలని డ్వేన్ రోజు ఖాయం చేసి ఉంచాడు. ఈలోగా ఒక్కసారి పచ్చిక చూపించి తీసుకొస్తాడని నేను అనుకుంటున్నాను.

సరే, కప్పు ఆగిపోయింది. డ్వేన్ హ్యాండిల్ వదిలేసి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"తగులుతోంది," అన్నాడు.

"ఏం తగులుతోంది?" అన్నాను.

"స్తంభాలు."

అంతే. తిట్లు లేవు, సుత్తి విసరడాలు లేవు. ఈ లోయలో సగం ఇళ్లకి వంటింటి బీరువాలు చేసిన మనిషి ఇతను. ఒక సొరుగు వెంట్రుకంత బిగుతుగా వస్తే మూడు రోజులు పెళ్లాంతో మాట్లాడని మనిషి. అలాంటివాడు ఏడు నెలల పని గంగలో కలిసిపోతే "కాఫీ ఉందా" అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది.

ఆర్లీన్ పైకప్పు వంక చూడట్లేదు. మొగుడి వంక చూస్తోంది. ఇరవై రెండేళ్లు పోస్టాఫీసు నడిపిన మనిషి. ఎవరికి ఎవరు ఉత్తరం రాశారో, ఎవరికి ఎవరు రాయడం మానేశారో అన్నీ తెలిసి నోరు విప్పని మనిషి. ఇప్పుడు ఒక ఊపిరికి రెండు మాటల కంటే రావు.

"బాగా... కట్టావు," అంది.

డ్వేన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. అది మెచ్చుకోలు కాదని నాకు అర్థమైంది, ఎందుకో మాత్రం అర్థం కాలేదు.

ఆమెని ఇంట్లోకి తీసుకెళ్లి, మొహానికి ఊపిరి అందించే గాలి మెషీను ముసుగు తగిలించాను. మొదట్లో రాత్రిపూటే పెట్టేవాళ్లం, ఈమధ్య మధ్యాహ్నం కూడా కావాల్సి వస్తోంది. పొయ్యి పక్కన పొరుగింటి మార్వా పొద్దున తెచ్చిపెట్టిన గిన్నె ఉంది. చీజూ క్రీమూ వేసి కాల్చిన బంగాళాదుంపలు. మావైపు చావింట్లో ఇదే పెడతారు, దాని పేరే అంత్యక్రియల బంగాళాదుంపలు. పెళ్లికీ తెస్తారు, బిడ్డ పుడితే తెస్తారు, ఎవరూ తప్పుపట్టరు. అయినా పొద్దున ఆ మూత తీసినప్పుడు ఆర్లీన్ కళ్లు నవ్వాయి. "తొందర... పడింది," అంది మార్వా వెళ్లాక. నేను నవ్వలేకపోయాను.

మెషీను బుసబుసలాడుతుంటే ఆమె కళ్లు మూసుకుంది. నేను మళ్లీ షెడ్డుకి వెళ్లాను.

డ్వేన్ రంగు డబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు. కాఫీ పోసుకున్నాడు గానీ తాగలేదు. క్యాంపర్ తన నాలుగు ఇనప కాళ్ల మీద నిలబడి ఉంది, కింద ట్రక్కు ఇంకా పెట్టలేదు. నేను లోపలికెక్కాను.

చెప్పకపోతే పాపం. లోపల అంత అందంగా ఉంది. పాత క్యాంపర్‌లో ఎడమవైపు భోజనాల బల్ల ఉండేది, పడక ఎక్కడో ట్రక్కు నెత్తి మీద ఉండేది, నిచ్చెనెక్కినట్టు ఎక్కాలి. డ్వేన్ బల్ల పీకేసి, అక్కడ సరిగ్గా చక్రాల కుర్చీ ఎత్తుకి పడక కట్టాడు. ఆర్లీన్ తలగడ మీద తల పెడితే బయట గడ్డి కనిపించేలా ఆ ఎత్తులో కిటికీ కోశాడు. తలుపు వెడల్పు చేశాడు. ఎలుకలు కొట్టేసిన నేల మొత్తం పీకి కొత్తది వేశాడు. మధ్యలో రెండు తెల్ల యాష్ చెక్క స్తంభాలు, వాటిని కలుపుతూ పైన ఇనప కడ్డీ. ఆ కడ్డీకి గుడ్డ ఉయ్యాల తగిలించి ఆర్లీన్‌ని కుర్చీలోంచి పడక మీదికి జరపాలి. ఆ స్తంభాల మీదే ఇప్పుడు కప్పు చతికిలబడింది.

మూల ఆనించి అతని కొలత కర్ర కనిపించింది. డ్వేన్‌కి టేపు మీద నమ్మకం లేదు. మా నాన్న దగ్గర నేర్చుకున్న పద్ధతి. ప్రతి పనికీ ఒక సన్న చెక్క పట్టె కోసుకుని, ఆ పనికి కావాల్సిన ఎత్తులన్నీ దాని మీదే గీసుకుంటాడు, పక్కన తేదీ వేస్తాడు. పని అయ్యాక ఆ కర్ర చూస్తే ఏది ఏ రోజు నిర్ణయించాడో మొత్తం చదువుకోవచ్చు. నేను చదివాను. పడక, మార్చి రెండు. పొయ్యి, మార్చి పదకొండు. కిటికీ, ఏప్రిల్. కర్ర చివర, సరిగ్గా అయిదడుగుల దగ్గర, ఎర్ర పెన్సిల్‌తో లావుగా ఒక గీత. "దించిన కప్పు ఇంతవరకే. దీనికి పైన ఏదీ కట్టకు. మే తొమ్మిది."

కర్రని అక్కడికే కోశాడు, చెయ్యి పొరపాటున కూడా పైకి పోకుండా. తెలివైనవాడే.

కానీ కర్ర అక్కడితో అయిపోలేదు. ఆ ఎర్ర గీత వెనక ఇంకో ముక్క అతికించి ఉంది. నాలుగు మేకులతో, జిగురు పెట్టి, అతుకు తెలియకుండా నున్నగా చిత్రిక పట్టి మరీ. ఆ అతుకు మీద, అయిదడుగులకి పద్నాలుగు అంగుళాల పైన, ఇంకో గీత. "స్తంభం. జులై ఇరవై."

కర్ర పట్టుకుని కిందికి దిగాను. అతని కాళ్ల దగ్గర పడేశాను.

"ఇదేంటి?"

చూశాడు. "కొలత కర్ర."

"కొలత కర్రని నాకూ తెలుసు డ్వేన్. దీనికి అతుకెందుకు వేశావు?"

"కర్ర చాల్లేదు, వేశాను."

"ఎందుకు చాల్లేదు? కప్పు కంటే ఎత్తు కట్టాలనుకున్నావు గనక చాల్లేదు. మే నెలలో 'పైన కట్టకు' అని నీ చేత్తో నువ్వే రాసుకున్నావు. జులైలో ఆ రాత పక్కనే మేకులు కొట్టావు. చూడకుండా కొట్టావా?"

"గ్లెన్, నన్ను వదిలెయ్."

"వదలను. స్తంభానికి కీలు పెట్టి మడిచేలా చెయ్యొచ్చుగా? పదేళ్ల కిందట నా బల్లకి పెట్టలా? ఇప్పటికీ చిన్న చప్పుడైనా చెయ్యకుండా మడుస్తున్నాను దాన్ని. ఆర్లీన్‌కే పెట్టలేకపోయావా?"

అతను కాఫీ కప్పు కింద పెట్టాడు.

"పెట్టగలను," అన్నాడు. "అరపూట పని."

"మరి?"

"మరీ లేదు గిరీ లేదు. పెట్టలేదు."

నేను అరవడానికి నోరు తెరిచాను. ఏం అరవాలో తెలియలేదు. పొరపాటు చేసిన మనిషిని తిట్టడం నాకు బాగా వచ్చు. ఇరవై నాలుగేళ్లు స్కూలు బస్సు నడిపాను, ఎనభై మంది పిల్లల్ని ఒక్క అరుపుతో కూర్చోబెట్టేదాన్ని. కానీ ఇతను పొరపాటు చెయ్యలేదు. కావాలనే తప్పు కట్టాడు. చెక్క ఎంచి, ఇసక కాగితం పట్టి, మూడు పూతలు నూనె రాసి మరీ కట్టాడు.

"అక్కడికి తీసుకెళ్లడం నీకిష్టం లేదా?" అన్నాను చివరికి.

డ్వేన్ లేచి గోడ దగ్గరికెళ్లాడు. అక్కడ ఆర్లీన్ గీసిన బొమ్మ మేకుకి వేలాడుతోంది. క్యాంపర్ లోపల ఏది ఎక్కడుండాలో జనవరి ఆఖర్లో, వేళ్లలో పెన్సిల్ ఇంకా నిలిచే రోజుల్లో, పార్శిల్ కాగితం మీద తనే గీసింది. పోస్టాఫీసు మనిషి కదా, ప్రతి గడిలోనూ పేరు రాసింది. ఏడు నెలలుగా రోజూ చూస్తున్నాను దాన్ని. మేకు నుంచి తీసి నా చేతికిచ్చాడు.

"చదువు."

"చదివాను వందసార్లు."

"ఇంకోసారి చదువు. ఏం లేదో చూడు."

చదివాను. కాఫీ కుండ. అల్మారాలో పేక ముక్కలు. డ్వేన్ బూట్లు. కుక్క పడుకునే చోటు, ఆ కుక్క చచ్చి రెండేళ్లయింది, అయినా గీసింది. నీళ్ల డబ్బా. ఉన్ని దుప్పట్లు మూడు. కిటికీ. కుర్చీ ఎక్కడ నిలపాలో అది కూడా ఉంది. నాకేమీ తట్టలేదు. మళ్లీ మొదటి నుంచి వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాను. అప్పుడు తట్టింది. నా వేలు కాగితం మీదే ఆగిపోయింది.

గాలి మెషీనుకి చోటు లేదు. దాని బ్యాటరీకి లేదు. ముసుగు తగిలించే కొక్కేనికి లేదు. ఆ మెషీను కొత్త సంవత్సరం రోజున ఇంటికొచ్చింది. బొమ్మ ఆ తర్వాత గీసింది.

"మర్చిపోయిందేమో," అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

"నేనూ అలాగే అనుకున్నాను. జూన్‌లో బ్యాటరీ పెట్టె ఎక్కడ కట్టమంటావని అడిగాను. 'అక్కర్లేదు' అంది." డ్వేన్ నా వైపు చూడట్లేదు, క్యాంపర్‌తో మాట్లాడుతున్నట్టు మాట్లాడుతున్నాడు. "మూడు రాత్రులకి బ్యాటరీలు చాలవు ఆర్లీన్, ఇంకోటి కొనాలి అన్నాను. మూడు రాత్రులు అవసరం పడదు డ్వేన్ అంది. ఒకటో, రెండో అంది. పొద్దున్న ఎల్క్‌లు వింటే చాలంది."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? సరే అన్నాను. నలభై ఏళ్లుగా తనేం అడిగినా సరే అనడమే నాకు అలవాటు. సరే అనేసి, ఇక్కడికొచ్చి కర్రకి అతుకు వేశాను."

రంగు డబ్బా మీద కూలబడ్డాడు. అరవై ఆరేళ్ల మనిషి, నా పెళ్లిలో తప్ప కన్నీళ్లు పెట్టుకోగా చూడలేదు. చేతుల్లో మొహం పెట్టుకుని భుజాలు ఎగిరిపడేలా ఏడ్చాడు. నాకు అతన్ని పట్టుకోవాలనీ అనిపించింది, చాచి కొట్టాలనీ అనిపించింది. రెండూ చెయ్యకుండా నిలబడ్డాను.

"సోమవారం గొట్టం పెడితే ఇంకో రెండేళ్లు ఉంటుందన్నాడు డాక్టరు," అన్నాడు. "మూడు కూడా ఉండొచ్చట."

"మాట్లాడుతుందా?"

"మాట్లాడదు."

"ఇంటికొస్తుందా?"

"తెలీదు. నర్సులు దొరికితే వస్తుంది." మొహం తుడుచుకున్నాడు. "కళ్లు ఉంటాయి గ్లెన్. కళ్లతో చూస్తుంది నన్ను. నాకది చాలు."

"తనకి చాలా?"

అతను నా చేతిలోంచి బొమ్మ తీసుకుని మళ్లీ మేకుకి తగిలించాడు. బయట కంకర మీద చక్రాల చప్పుడు వినిపించింది.

ఆర్లీన్. ముసుగు లేదు. దాన్ని ఎలా ఊడదీసుకుందో నాకిప్పటికీ తెలీదు, బుగ్గ మీద పట్టీ గీసుకుపోయిన ఎర్రచార ఉంది. కుర్చీ నడిపే మీట మీద ఆమె కుడిచేతి బొటనవేలు ఒక్కటే ఇంకా పనిచేస్తుంది. ఆ వేలితో వంటింటి నుంచి షెడ్డు దాకా వచ్చింది. పెదాలు నీలంగా ఉన్నాయి. డ్వేన్ పరిగెత్తబోయాడు.

"ఆగు," అంది.

ఆగాడు. నలభై ఏళ్ల అలవాటు మరి.

ఊపిరి కూడబలుక్కోవడానికి చాలాసేపు పట్టింది. మేం ఇద్దరం పిల్లల్లా నిలబడ్డాం.

"కొయ్యి... వాటిని," అంది.

"కొయ్యను."

"డ్వేన్."

"నా చేత్తో కొయ్యను ఆర్లీన్! ఏమైనా అడుగు, అది అడక్కు. ఇల్లు అమ్మెయ్యమను, అమ్మేస్తాను. నీ పక్కనే నేల మీద పడుకుంటాను ఎన్నేళ్లయినా. నిన్ను నేనే మోసుకెళ్లి అక్కడ దించి, పక్కన కూర్చుని చూడమంటావా? ఎలా చూడను? ఎవరైనా ఎలా చూస్తారు?"

"నేను... చూడలా?" అంది ఆమె. "మా అమ్మని... గొట్టంతో... పద్నాలుగు నెలలు."

అది నాకు తెలుసు. ఊరందరికీ తెలుసు. ఇదే జబ్బు ఆ ఇంట్లో అంతకుముందూ ఒకసారి వచ్చింది. ఆర్లీన్ రోజూ పోస్టాఫీసు మూసేసి, బస్సెక్కి ఆస్పత్రికెళ్లి, అమ్మ కళ్లలోకి చూసి వచ్చేది. ఆ కళ్లు ఏమడిగేవో మాకెవరికీ ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు అడగాల్సిన పని లేకపోయింది.

డ్వేన్ గోడకున్న ట్రక్కు తాళం తీసి చొక్కా జేబులో వేసుకుని బొత్తం పెట్టుకున్నాడు.

"సోమవారం ఆస్పత్రికి వెళ్తున్నాం," అన్నాడు. "నా బండి ఆ కొండెక్కదు. అయిపోయింది. ఇంక ఈ మాట ఎత్తొద్దు ఎవరూ."

అప్పుడు ఆర్లీన్ తల నా వైపు తిరిగింది. తిరిగిందనకూడదు, రెండంగుళాలు వాలింది. నన్నే చూసింది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే కాదనేదాన్నేమో. నా అన్న గుండె నా కళ్ల ముందే ముక్కలై ఉంది, ఆ ముక్కల మీద కాలు పెట్టి నడవడం నాకు ఇష్టం కాదు. అతనికి నేను తప్ప ఇంకెవరూ లేరు. సోమవారం తర్వాత అసలే ఉండరు, గొట్టం పెట్టినా పెట్టకపోయినా. కానీ ఆమె నీలం పెదాలు చూస్తూ, రెండేళ్లో మూడేళ్లో ఆ కళ్లు ఒక ఆస్పత్రి కప్పుని చూస్తూ ఉండటం తలుచుకున్నాను.

"క్యాంపర్ ఎవరి ట్రక్కు మీదైనా కూర్చుంటుంది డ్వేన్," అన్నాను. "నా ట్రక్కు వాకిట్లోనే ఉంది. ఆ స్తంభాలు నేనే కోస్తాను."

డ్వేన్ నా వైపు చూసిన చూపు నేను బతికినంతకాలం మర్చిపోను.

"ఆ పని చేశావంటే," అన్నాడు మెల్లగా, "నాకు చెల్లెలు లేదు."

"సరే," అన్నాను. వదిన ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆమె బొటనవేలు పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"ఎప్పుడు వెళ్దాం ఆర్లీన్?"

ఈసారి ఆమె ఊపిరి కోసం ఆగలేదు.

"రేపు."